జెమీమాను చూపించి మందలించకండి

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. బ్యాంకు పీఓ పరీక్షలో రెండుసార్లు మెయిన్స్ దగ్గర పోయింది. అప్పట్నుంచి గది దాటి రావడం లేదు. 2025 మహిళల ప్రపంచకప్ జరిగినన్నాళ్లూ మాత్రం మాతో కూర్చుని మ్యాచ్‌లు చూసింది. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద జెమీమా రోడ్రిగ్స్ గెలిపించిన రాత్రి మావారు ‘చూడు, ఆ పిల్ల ఎలా పోరాడిందో! నువ్వూ ఉన్నావు’ అన్నారు. అమ్మాయి లేచి వెళ్లి తలుపేసుకుంది. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. ఆ మ్యాచ్ గురించి చెప్పే తనలో మళ్లీ ధైర్యం నింపాలనుకుంటున్నాను. ఎలా చెప్పాలి?
- ఒక తల్లి

జవాబు: మీవారి ఉద్దేశం మంచిదే. కానీ అమ్మాయి చెవిన పడింది ‘నువ్వూ ఉన్నావు’ అన్న చివరి మాటే. ముందు ఆ ముల్లు తీయాలి. ఆ పని మీరు చేస్తే కుదరదు, ఆయనే చేయాలి. ‘ఆ రోజు నిన్ను పోల్చి మాట్లాడటం తప్పమ్మా, నిన్ను బాధపెట్టాను’ అని రెండు ముక్కలు చెప్పి ఊరుకోమనండి. ‘అదంతా నీ మంచికోసమే’ అని తోక తగిలిస్తే ఆ రెండు ముక్కలూ వృథా అవుతాయి.

ఇక ఆ మ్యాచ్ సంగతి. 134 బంతుల్లో 127 నాటౌట్ అందరికీ గుర్తుంది. దానికి ముందు జరిగింది కూడా గుర్తు చేసుకోండి. అదే టోర్నీలో జెమీమా శ్రీలంక మీద సున్నాకే అవుటైంది, దక్షిణాఫ్రికా మీద మళ్లీ సున్నా. ఇంగ్లండ్‌తో ఆడేటప్పుడు తుది జట్టులోంచే తీసేశారు. టోర్నీ పొడుగునా దాదాపు రోజూ ఏడ్చానని, ఆందోళనతో సతమతమయ్యానని, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్నని సెమీస్ గెలిచాక ఆమే అందరి ముందూ చెప్పింది. మన హైదరాబాద్ బౌలర్ అరుంధతి రెడ్డి దగ్గర కూడా కన్నీళ్లు దాచుకోలేదు. స్మృతి మంధాన గురించి జెమీమా చెప్పిన మాట తల్లిదండ్రులందరూ వినాలి. నెట్స్‌లో తను ప్రాక్టీస్ చేస్తుంటే స్మృతి వచ్చి, పెద్దగా ఏమీ మాట్లాడకుండా, అక్కడ నిలబడేదట.

కాబట్టి ఆ మ్యాచ్ నుంచి ముందు నేర్చుకోవాల్సింది మీ అమ్మాయి కాదు, మీరిద్దరూ. రోజూ ఓ పావుగంట మీ పనేదో చేతపట్టుకుని తన గదిలో కూర్చోండి. బట్టలు మడతపెట్టుకోండి, కూరగాయలు తరుక్కోండి. ‘ఎంతవరకు వచ్చింది?’ అని మాత్రం అడగొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు విసుక్కోవచ్చు. వెళ్లమంటే నొచ్చుకోకుండా వచ్చేయండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

మీవారికి ఇంకో సంగతి గుర్తు చేయండి. జెమీమా 82 మీద ఉండగా ఆస్ట్రేలియా కెప్టెన్ హీలీ ఆమె క్యాచ్ వదిలేసింది. పట్టి ఉంటే అప్పటిదాకా చేసిన పోరాటం తక్కువయ్యేదా? రెండుసార్లు మెయిన్స్ రాసిందంటే మీ అమ్మాయి రెండుసార్లు ప్రిలిమ్స్ గట్టెక్కిందన్నమాట. ఇంట్లో ఎవరైనా ఒక్కసారైనా ఆ మాట అన్నారా?

చదువు సంగతి తనే ఎత్తేదాకా ఆగండి. ఎత్తాక జట్టు చేసిన పనే పనికొస్తుంది. లీగ్‌లో మనవాళ్లు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌లతో వరుసగా మూడు ఓడారు. ఇంగ్లండ్ మీద తేడా 4 పరుగులే. అయినా జట్టునంతా తిరగేయలేదు. తర్వాతి మ్యాచ్‌కి జెమీమాను వెనక్కి పిలిచి మూడో స్థానంలో దింపారు, న్యూజిలాండ్ మీద 76 నాటౌట్ కొట్టింది. పట్టికలో నాలుగో స్థానంతో సెమీస్ చేరిన జట్టే కప్పు గెలిచింది. పరీక్ష పోయినవాళ్లు చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. పుస్తకాలన్నీ ముందేసుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెడతారు. నెల తిరిగేసరికి వచ్చిన పాఠమే మళ్లీ చదువుతున్నామన్న విసుగు పుడుతుంది.

దానికి బదులు రెండు మెయిన్స్ స్కోర్‌కార్డులూ పక్కపక్కన పెట్టుకోమనండి. రీజనింగ్, ఇంగ్లిష్, డేటా అనాలిసిస్, జనరల్ అవేర్‌నెస్‌లలో రెండుసార్లూ కిందికి లాగింది ఏదో అక్కడే కనిపిస్తుంది. తర్వాత ఒక మాక్ టెస్టు రాసి, పోయిన ప్రశ్నలను తెలియక పోయినవి, తొందరలో పోయినవి, టైం చాలక వదిలేసినవి, గుడ్డిగా పెట్టినవి అని విడదీయాలి. తెలియనివి ఎక్కువైతే పాఠం చదవాలి. తొందర వల్ల పోతే పాఠం ఎన్నిసార్లు చదివినా లాభం లేదు, గడియారం పెట్టుకుని రాయాలి. టైం చాలకపోతే ఏ ప్రశ్నను ముందే వదిలేయాలో సాధన చేయాలి. గుడ్డిగా పెడితే ప్రతి తప్పుకీ ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది. వారానికి ఒక్క మాక్ చాలు, కానీ రాసినదానికంటే తప్పులు చూసుకోవడానికే ఎక్కువసేపు పట్టాలి.

ఉత్సాహం వచ్చిన రాత్రి రోజుకు పది గంటల టైంటేబుల్ వేసుకుంటే వేయనివ్వకండి. మూడు రోజులు నడుస్తుంది, నాలుగో రోజు తప్పుతుంది, ‘నా వల్ల కాదు’ అన్న మాట ఇంకా గట్టిపడుతుంది. మొదటి వారం రోజుకు 50 నిమిషాల చొప్పున మూడుసార్లు కూర్చుంటే చాలు. ఇంకా ఎన్ని ప్రయత్నాలు, ఏ నెల దాకా అన్నది కూడా తనతోనే కూర్చుని అప్పుడే తేల్చుకోండి.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి దెబ్బతిన్నా, బతికి ఏం లాభం అన్న మాటలు వచ్చినా ఇవన్నీ పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, ఉంటే బయటికి వస్తుంది. అలా ఉందని తెలిస్తే తనని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా చేయొచ్చు.

ఈసారి మ్యాచ్ వచ్చినప్పుడు అమ్మాయిని పిలవండి. మన కడప అమ్మాయి శ్రీ చరణి బౌలింగ్ గురించి మాట్లాడుకోండి, వదిలేసిన క్యాచ్‌ల గురించి వాదించుకోండి. పరీక్ష మాట మాత్రం ఎత్తొద్దు.