లక్షన్నర కెమెరా ఇప్పుడే వద్దు తమ్ముడూ

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఫొటోలంటే పిచ్చి. ఉన్నది పాత ఫోనే, ఎంత తీసినా అందరి ఫొటోల్లాగే వస్తున్నాయి. ఈఎంఐలో లక్షన్నర కెమెరా తీసుకుందామంటే నాన్న వద్దంటున్నారు. మంచి కెమెరా లేకుండా మంచి ఫొటోలు వస్తాయా?

జవాబు: వస్తాయి తమ్ముడూ, నాన్నగారి మాట విను. అందరి ఫొటోల్లాగే వస్తున్నాయన్నావు కదా, అందరూ నిలబడే చోటే నిలబడి అందరూ తీసే టైములోనే తీస్తే లక్షన్నర కెమెరాలోనూ అదే ఫొటో కాస్త క్లియర్‌గా వస్తుంది, అంతే.

హంగేరీలో పుట్టి, అప్పట్లో పారిస్‌లో ఉంటున్న ఆంద్రే కెర్తేజ్ అనే ఆయన 1928లో ఒక ఫోర్క్‌ని ప్లేటు అంచు మీద ఆనించి ఫొటో తీశాడు. అందులో ప్లేటు, ఫోర్కు, వాటి నీడలు తప్ప ఇంకేం లేవు, కానీ ఆ నీడలు వస్తువులంత బలంగా ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోలేం. ఆ ఫోర్కు రోజూ అన్నం తినే ప్రతివాడి ముందూ ఉన్నదే, నీడ పడుతుంటే ఆగి చూసింది మాత్రం ఆయన.

ఇంకొకాయన యోసెఫ్ సుదెక్, ప్రాగ్‌లో ఉండేవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో తగిలిన గాయం వల్ల కుడి చెయ్యి తీసేశారు. 1940లో, ఊరు జర్మన్ల చేతిలో ఉండి బయట ఇష్టం వచ్చినట్టు తిరిగి తీసే పరిస్థితి లేనప్పుడు, తన స్టూడియో కిటికీనే తియ్యడం మొదలుపెట్టాడు. అద్దం మీద ఆవిరి, జారే నీటిచుక్కలు, అవతల పెరట్లో ఒక వంకర చెట్టు. అదే కిటికీని 1954 దాకా తీస్తూనే ఉన్నాడు, నాకైతే ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఇంకా కొత్తగానే ఉంటాయి.

నువ్వు రేపొద్దున ఒక పని చెయ్యి. ముందు ఫోన్ లెన్స్ శుభ్రంగా తుడువు, వేళ్ల జిడ్డు ఉంటే ఫొటో మొత్తం మసకగా వస్తుంది, చాలామంది దీన్నే కెమెరా బాలేదనుకుంటారు. వంటింటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గట్టు మీద ఒక స్టీలు గ్లాసు పెట్టు. స్క్రీన్ మీద గ్లాసు దగ్గర టచ్ చేసి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే వెనకున్న గోలంతా చీకట్లోకి పోయి గ్లాసు అంచు మీద వెలుగు గీతొక్కటే మిగులుతుంది. ఇప్పుడు గ్లాసు జరుపు, నువ్వు జరుగు, పైనుంచి చూడు, గట్టుకి కళ్లు ఆనించి చూడు. జూమ్ మాత్రం వద్దు, చాలా ఫోన్లలో అది ఉన్న బొమ్మని కత్తిరించి పెద్దది చెయ్యడమే, దానికంటే దగ్గరికెళ్లడం నయం. ఏం కావాలో ముందు మనసులో అనుకో, అది వచ్చేదాకా తియ్యి, అందాకా గ్లాసు మార్చకు.

కెమెరాతో అస్సలు పనిలేదని నేననను. కొల్లేట్లో ఆటపాక దగ్గర పెలికాన్లు తియ్యాలంటే పెద్ద లెన్స్ కావాల్సిందే, రాత్రి పెళ్లిళ్లకి ఫోన్ సరిపోదు. అలాంటి పని వచ్చిన రోజు లెన్సూ కెమెరా బాడీ అద్దెకి తెచ్చుకో. ఆ పనులే వరసగా వస్తుంటే, ఈఎంఐ వాటి డబ్బుల్లోంచే కట్టొచ్చని నాన్నగారికి లెక్క చూపించి అప్పుడు కొనుక్కో.