విశ్వవిద్యాలయమా, విశ్వకళాపరిషత్తా?

సందేహం: ఆంధ్రా యూనివర్సిటీని పాత పుస్తకాల్లో 'ఆంధ్ర విశ్వకళాపరిషత్తు' అన్నారు. ఇప్పుడేమో విశ్వవిద్యాలయం అంటున్నాం. ఏది సరి? విశ్వంలోని విజ్ఞానమంతా ఉంటుందనే 'విశ్వ' చేర్చారా? దాని ముద్ర మీది 'తేజస్వి నావధీతమస్తు'ను తెలుగులో ఎలా చెప్పాలి?

సమాధానం: రెండు పేర్లూ సాధువే. విశ్వవిద్యాలయం వాడుకలో స్థిరపడింది, మార్చనక్కర్లేదు. అయినా నా మొగ్గు పరిషత్తు వైపే.

యూనివర్సిటీకి మూలం లాటిన్ 'యూనివర్సితాస్'. ఇక్కడ ఆ మాటకు బ్రహ్మాండమని కాదు, 'కలిసిన వాళ్లందరూ' అని అర్థం. మధ్యయుగంలో చేతివృత్తుల సంఘాలనూ అలాగే పిలిచేవారు. ఇటలీలోని బొలోన్యాలో విద్యార్థులే సంఘం కట్టి గురువులకు జీతాలిచ్చారు. పాఠానికి ఆలస్యంగా వస్తే గురువుకే జరిమానా! పారిస్‌లో సంఘం కట్టింది గురువులు. భవనాలు తర్వాతి సంగతి.

'విశ్వ' అన్నా సంస్కృతంలో 'సమస్తం' అనే అర్థం ఉంది కాబట్టి దాంతో పేచీ లేదు. చిక్కల్లా 'ఆలయం'తోనే. ఆ మాట వినగానే కట్టడం కళ్లముందుకొస్తుంది. పరిషత్తులో 'పరి' అంటే చుట్టూ, 'సద్' అంటే కూర్చోవడం. ఉపనిషత్తులోనూ ఈ ధాతువే ఉంది. ఉస్మానియాకు ఉర్దూలో 'జామియా' అని పేరు. 'జనం జమకూడారు' అంటామే, ఆ జమే ఇది.

అయితే మన దేశానికి 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయిలకు వచ్చినవి ఇలాంటి పరిషత్తులు కావు. అవి అనుసరించిన లండన్ యూనివర్సిటీ నమూనాలో పాఠం కాలేజీది, పరీక్ష, పట్టా యూనివర్సిటీవి. 'అనుబంధ కళాశాల' ఆ పద్ధతి నుంచే వచ్చింది. మా వీధిలో ఒకమ్మాయి మూడేళ్ల డిగ్రీ పూర్తిచేశాక, ఒరిజినల్ సర్టిఫికెట్ కోసం తొలిసారి క్యాంపస్ గేటు దాటింది. చలానా కాగితం పట్టుకుని కౌంటర్ ముందు మధ్యాహ్నం దాకా నిలబడి, తిరుగు బస్సెక్కింది. లైబ్రరీ ఎటు ఉందో కూడా చూడలేదు. ఆ పిల్లకు యూనివర్సిటీ అంటే మెమో మీది ముద్ర. సంస్కరణ అనగానే ర్యాంకులు, కొత్త కోర్సులు, కొత్త బ్లాకులు అంటారు. అవి వద్దనను. కానీ ఇలాంటి పిల్లలు గురువు చుట్టూ కూర్చుని, ప్రశ్న అడిగి, వాదించే వీలు ముందు కల్పించాలి. అది లేనిదాన్ని పరిషత్తు అనడానికి నాకు నోరు రాదు.

ఇక ముద్ర మీది మాట. అది తైత్తిరీయోపనిషత్తులోని శాంతిమంత్రంలోది. 'నావధీతం'లో 'న' చూసి 'కాదు' అని పొరబడేవాళ్లున్నారు. తేజస్వి, నౌ, అధీతం, అస్తు అని విడదీయాలి. 'నౌ' ద్వివచనం. అందరిదీ అయితే 'నః' అని ఉండేది. ఇక్కడ ఇద్దరే, చెప్పేవాడూ వినేవాడూ. తెలుగులో ద్వివచనం లేదు కనుక 'మన చదువు' అని రాస్తే ఆ ఇద్దరూ కనబడరు. 'మనిద్దరి చదువూ తేజోవంతమగుగాక' అని రాయండి.