స్కోరు ఆగిపోతే పిస్టల్ సైట్ మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఒకరు వాడిన విదేశీ పిస్టల్ కొనిచ్చాం. ఆరు నెలలుగా స్కోరు 600కి 535 దగ్గరే ఆగిపోయింది. సైట్లు (పిస్టల్ మీద గురి చూసుకునే భాగాలు) బాగాలేవు, రెండు లక్షలు పెట్టి కొత్త పిస్టల్ కొనండని రేంజ్‌లో ఒకరు చెప్పారు. కోచ్ ఏమో ప్రాక్టీస్ చాలడం లేదంటున్నారు. యూట్యూబ్‌లో రెడ్ డాట్ సైట్లు చూశాను, అవి పెట్టిస్తే ఎలా ఉంటుంది? వచ్చే ఏడాది టెన్త్. రేపు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందనే ఆశతోనే ఇదంతా. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు రెడ్ డాట్ సంగతి తేల్చేద్దాం. అమ్మాయి ఆడే పోటీలో దానికి చోటు లేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్‌కు ఓపెన్ సైట్లే ఉండాలి. అంటే వెనక ఒక గాడి, ముందు ఒక దిమ్మె, అంతే. లెన్సులు, లేజర్లు, చుక్క చూపించే అద్దాలు పిస్టల్ మీద కుదరవు. మీరు వీడియోల్లో చూసినవి వేరే రకం పోటీలు. పరిగెడుతూ, టార్గెట్లు మారుస్తూ కాల్చే చోట రెడ్ డాట్ నిజంగానే పనికొస్తుంది. కానీ మీ అమ్మాయి దారి అది కాదు.

ఇక రెండు లక్షల విషయం. ఇప్పుడే కొనొద్దు. పాత పిస్టల్ చాలులే అని కాదు, ఆ 65 పాయింట్లు ఎక్కడ పోతున్నాయో మీకింకా తెలియదు కాబట్టి. అది తెలుసుకోవడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. సైట్లు ముట్టుకోకుండా కొత్త పేపర్ టార్గెట్ల మీద పదేసి షాట్లు చొప్పున ఐదు కాల్పించమని కోచ్‌ను అడగండి. ఆ ఐదు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా పడి, మొత్తం గుంపు మధ్య నుంచి ఒక పక్కకు జరిగి ఉంటే అది సైట్ సర్దుబాటు. వెనక సైట్ స్క్రూ నాలుగు క్లిక్కులు తిప్పితే పోతుంది, పైసా ఖర్చు లేదు. రంధ్రాలు టార్గెట్ అంతా చెల్లాచెదురుగా ఉంటే మాత్రం ప్రపంచంలో ఏ సైట్ పెట్టినా అలాగే ఉంటాయి. కుడిచేతి వాళ్లకు షాట్లు తరచూ ఎడమవైపు కిందకు పోతుంటే ట్రిగ్గర్‌ను గబుక్కున లాగుతున్నారేమోనని ముందు అనుమానించాలి.

సైట్ పని ఏమిటో ఒక లెక్కతో చెబుతాను, దీన్ని అమ్మాయికి కూడా చూపించండి. వెనక సైట్‌కూ ముందు సైట్‌కూ మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుందాం. చెయ్యి మొత్తం, పిస్టల్‌తో సహా, ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే పెల్లెట్ (పిస్టల్ నుంచి వెళ్లే చిన్న గుండు) కూడా అంతే, ఒక మిల్లీమీటరు జరుగుతుంది. కానీ మణికట్టు తిరిగి, వెనక గాడిలో ముందు దిమ్మె ఒక మిల్లీమీటరు పక్కకు కనిపించిందంటే 10 మీటర్ల దూరంలో అది 30 మిల్లీమీటర్ల తేడా. టార్గెట్ మధ్యలో పది పాయింట్లు ఇచ్చే వృత్తం, అంటే టెన్ రింగ్, వెడల్పే 11.5 మిల్లీమీటర్లు. పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. చెయ్యి వణుకుతోందని పిల్లలు కంగారుపడతారు. ఆ ఊగులాట ఒలింపిక్ ఛాంపియన్లకూ ఉంటుంది, దానితో అంత నష్టం లేదు. నష్టమంతా మణికట్టు దగ్గర, ట్రిగ్గర్ వేలి దగ్గర జరుగుతుంది. కన్ను టార్గెట్ మధ్యనున్న నల్ల చుక్క మీదకు పారిపోయి ముందు సైట్ మసకబారిందంటే ఆ మిల్లీమీటరు తేడా కనిపించను కూడా కనిపించదు. అందుకే షూటర్లు నల్ల చుక్క మధ్యలో కాకుండా దాని కింద తెల్లటి భాగంలో గురిపెట్టి, చూపంతా ముందు సైట్ మీదే నిలుపుతారు.

సైట్‌ది అసలు తప్పే ఉండదని కాదు. ఇలాంటి మ్యాచ్ పిస్టళ్లలో, అంటే పోటీల కోసం చేసినవాటిలో, చాలావాటికి ముందు దిమ్మె వెడల్పు, వెనక గాడి వెడల్పు మార్చుకోవచ్చు. పాత యజమాని చెయ్యి పొడవుకు, కంటికి సరిపోయిన సైట్లు పద్నాలుగేళ్ల అమ్మాయికి సరిపోకపోవచ్చు. గాడిలో దిమ్మెకు రెండు పక్కలా వెలుతురు మరీ సన్నగా ఉంటే కన్ను అలసిపోతుంది, మరీ ఎక్కువగా ఉంటే తేడా పట్టలేదు. ఒక పూట కూర్చుని సరిచేసుకునే పని ఇది, కోచ్ చేయగలరు. నన్నడిగితే సైట్ కంటే ముందు గ్రిప్ (చేతిపిడి) చూడమంటాను. చెక్క గ్రిప్ పెద్దదైతే చిన్న చెయ్యి దాన్ని బిగించి పట్టుకుంటుంది, ప్రతి షాట్‌కూ మణికట్టు కొత్త చోట కుదురుకుంటుంది. చిన్న సైజు గ్రిప్ విడిగా దొరుకుతుంది, కొత్త పిస్టల్ ధరలో అది చిన్న భాగమే. కళ్లు కూడా పరీక్ష చేయించండి. చేయి చాచిన దూరంలో ముందు సైట్ స్పష్టంగా కనబడాలని డాక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పండి. మామూలుగా బోర్డు చదవడానికి ఇచ్చే నంబర్ దీనికి సరిపోకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి ఇంకో మాట: గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. సాధారణంగా వాటి ఆయుష్షు పదేళ్లే. గడువు దాటితే స్కోరు మాట పక్కన పెట్టి ముందు దాన్ని మార్చండి, అది భద్రత విషయం.

పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో మీరూ చూసే ఉంటారు. 51 ఏళ్ల మనిషి, మామూలు కళ్లద్దాలతో, జేబులో చెయ్యి పెట్టుకుని మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచాడు. ఆ ఫొటో చూపించి "చూశావా, పరికరాలేం అక్కర్లేదు" అని పిల్లలకు చెప్పే తండ్రులు నాకు తెలుసు. ఆయన వదిలేసింది ప్రత్యేక షూటింగ్ కళ్లద్దాలనే. చేతిలో ఉన్నది మంచి మ్యాచ్ పిస్టలే, అది ఆయనకు ఐదో ఒలింపిక్స్. టోక్యోలో మన మను భాకర్‌కు క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ పాడై విలువైన నిమిషాలు పోయాయి, ఫైనల్ అందలేదు. మూడేళ్లకు పారిస్‌లో క్వాలిఫికేషన్‌లో 580 కొట్టి కాంస్యం తెచ్చుకుంది. కాబట్టి పిస్టల్ నమ్మకంగా పనిచేయాలి, చేతికి సరిపోవాలి. ఆ రెండూ ఉంటే 535 దగ్గర ఉన్న పిల్లకు కొత్త పిస్టల్ ఇచ్చేది చాలా తక్కువ.

అయితే ప్రాక్టీస్ చాలడం లేదన్న కోచ్ మాటను కూడా అలాగే తీసుకోకండి. ఎంత చాలడం లేదని కాదు, ఏది చాలడం లేదని అడగండి. పది షాట్ల చొప్పున ఆరు సిరీస్‌ల స్కోర్లు విడివిడిగా రాయించండి. మొదటి నాలుగూ బాగుండి చివరి రెండూ పడిపోతుంటే అది ఒంటి ఓపిక సమస్య. 75 నిమిషాల్లో 60 షాట్లు ఒంటిచేత్తో కాల్చాలి, పిస్టల్ బరువు దాదాపు కిలో ఉంటుంది, భుజానికి, నడుముకు వ్యాయామం కావాలి. ప్రాక్టీస్‌లో 550 వచ్చి మ్యాచ్‌లో 535 వస్తుంటే అది టెన్షన్. చిన్నచిన్న పోటీలు ఎక్కువ ఆడించాలి. అన్ని సిరీస్‌లూ ఒకేలా 88, 89 ఉంటే టెక్నిక్. దానికి పెల్లెట్ల డబ్బాలు ఖాళీ చేయడం మందు కాదు. తప్పు ట్రిగ్గర్‌తో రోజుకు రెండొందలు కాల్చితే ఆ తప్పే గట్టిపడుతుంది. ఖాళీ తెల్లగోడ ముందు, పెల్లెట్ లేకుండా డ్రై ఫైర్ చేయించండి. టార్గెట్ లేదు కాబట్టి కన్ను సైట్ మీదే ఉంటుంది, ట్రిగ్గర్ పడేటప్పుడు దిమ్మె కదిలిందో లేదో అమ్మాయికే తెలుస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. టెన్త్ ఏడాదిలో రేంజ్‌కు వారానికి రెండు రోజులే వెళ్లినా ఇది ఇంట్లో సాగుతుంది. పెల్లెట్లు వేరే గదిలో తాళం వేసి ఉంచండి. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి.

ఇక ఉద్యోగం. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి నేరుగా నియామకాల్లో 5 శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వొచ్చు, షూటింగ్ ఆ జాబితాలో ఉంది. రాష్ట్రం తరఫున జాతీయ స్థాయిలో ఆడినవాళ్లు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లు, జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవాళ్లు అర్హులు. అర్హత ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు, పోటీ బాగా ఉంటుంది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 13 ఏళ్లకే 2018లో జాతీయ ఛాంపియన్ అయింది, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఆమెను చూసి స్ఫూర్తి పొందండి కానీ ఆ వయసు లెక్క మీ అమ్మాయికి పెట్టకండి. కోటా ఉద్యోగమే గురి అయితే ఆమెకింకా డిగ్రీ దాకా సమయం ఉంది. ఈ ఏడాది ఆ రెండు లక్షల్లో కొంత గ్రిప్‌కు, కంటి పరీక్షకు, నాలుగు ఊళ్ల పోటీల ప్రయాణాలకు ఖర్చు పెట్టండి. మిగతాది టెన్త్ అయ్యాక, స్కోరు 555 దాటితే అప్పుడు పిస్టల్‌కు చూద్దాం. స్కూల్ గేమ్స్‌కు పేరు పంపే బాధ్యత బడిదే, ఈ నెలలోనే పీఈటీ సార్‌ను కలవండి. ఇప్పటిదాకా ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్‌నూ పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ టెన్త్ రికార్డుతో కలిసేలా ఇప్పుడే సరిచూసుకోండి.