రేటు తగ్గిందని వెనక్కి పంపే ముందు

ఒంగోలు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

కొన్న ట్రాలీ సూట్‌కేసు రేటు వారం తిరక్కుండానే ఏడు వందలు తగ్గింది, వెనక్కిచ్చేసి మళ్లీ కొనుక్కోవచ్చా అని అడిగావు. కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఏడు వందలూ నిజంగా నీ చేతికొస్తాయా అన్నది ముందు చూసుకోవాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. కావలిలో నీ స్నేహితురాళ్లకు కూడా చూపించు.

నేను ట్రంకు రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో లెక్కలు రాసిన రోజుల్లో, తెలిసినవాళ్లు ఫ్యాను కొన్న వారానికే కంపెనీ రేటు తగ్గిస్తే, ఓనరు ఆ తేడాను వాళ్ల తర్వాతి బిల్లులో తీసేసేవారు. అది ముఖం చూసి చేసే వ్యాపారం. ఆన్‌లైన్లో సాధారణంగా అలా తేడా లెక్కగట్టి ఇవ్వరు. కస్టమర్ కేర్‌తో చాట్ చేసి ఒకసారి మర్యాదగా అడుగు, ఒక్కోసారి ఏదో కూపన్ ఇస్తారు. ఇవ్వకపోతే వాదించకు, వాదించడానికి మన చేతిలో హక్కు లేదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు పాడైనా, నకిలీదైనా, ప్రకటనలో చూపించినట్టు లేకపోయినా, చెప్పిన తేదీ దాటి వచ్చినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు. రేటు తగ్గడం ఆ జాబితాలో లేదు. కాబట్టి మనకున్నది వాళ్లే ఇచ్చిన రిటర్న్ గడువు ఒక్కటే.

2025లో జీఎస్టీ తగ్గినప్పుడు ఇది చాలామందికి అనుభవంలోకి వచ్చింది. సెప్టెంబరు 3న ప్రకటించారు, 22 నుంచి అమలైంది. ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత పన్నుతో 40,000 పడిన ఏసీ మీద లెక్కేస్తే తేడా 3,125 రూపాయలు. ముందే కొని, బిగించుకున్నవాళ్లు చేసేదేమీ లేకపోయింది, బిల్లు పాత తేదీదే కదా. ఆర్డరు పెట్టి ఇంకా సరుకు అందనివాళ్లు మాత్రం క్యాన్సిల్ చేసుకుని ఆగే వీలు ఉండింది.

అందుకే మొదట చూడాల్సింది సరుకు రకం. బట్టలు, చెప్పులు, బ్యాగుల్లాంటివి చాలావరకు డబ్బు వాపసుకే తీసుకుంటారు. ఫోన్లు, టీవీలు, ఫ్రిజ్‌ల దగ్గర చాలాసార్లు 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉంటుంది. అంటే పాడైతే అదే మోడల్ ఇంకోటి ఇస్తారు గానీ డబ్బు ఇవ్వరు. లోదుస్తులు, సౌందర్య సామగ్రి లాంటివి అసలు తీసుకోరు. ఆర్డర్ పేజీ తెరిస్తే నీ వస్తువు పక్కనే రిటర్న్‌కు చివరి తేదీ ఉంటుంది. ఎవరో ఏడు రోజులన్నారు, పది రోజులన్నారు అని నమ్ముకోకు. ఒకే యాప్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో గడువు ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. అప్పుడు రేటు 4,299. కార్డు ఆఫర్‌లో 400 తగ్గి నువ్వు కట్టింది 3,899. ఇప్పుడు 3,599 చూపిస్తోంది, కార్డు ఆఫర్ అయిపోయింది. రేటుకు రేటు చూస్తే ఏడు వందలు తగ్గినట్టుంది గానీ, నీ జేబులో పడేది మూడు వందలే. అందులో కూడా మొదటి ఆర్డరుకు కలిపిన చిల్లర ఫీజులు వెనక్కి రాకపోవచ్చు, కొత్త ఆర్డరుకు మళ్లీ పడతాయి. రెండు వందల యాభై దాటి మిగిలితే, ఇంటికొచ్చి తీసుకెళ్తారు కాబట్టి ఆ శ్రమ పడొచ్చు. యాభై, అరవై కోసమైతే నేను పడను, నిన్నూ పడమనను.

ఈఎంఐలో కొన్నవాటి జోలికి తొందరగా పోవద్దు. వడ్డీ లేని 'నో కాస్ట్' ఈఎంఐ అన్నా చాలాసార్లు బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు వేస్తుంది, అది సాధారణంగా తిరిగి రాదు. డబ్బు వాపసు వచ్చాక ఈఎంఐ ఆగిందో లేదో బ్యాంకులో కనుక్కోవాలి. పాత ఫోను ఎక్స్చేంజ్‌లో ఇచ్చి ఉంటే ఆ ఫోను మళ్లీ మన చేతికి రాదు.

లెక్క కుదిరిందనుకో, ముందు కొత్త రేటుకు ఆర్డరు పెట్టు, తర్వాతే పాతదానికి రిటర్న్ పెట్టు. తిరగేసి చేస్తే మధ్యలో స్టాకు అయిపోయి, రేటు మళ్లీ పెరిగి, ఉన్నదీ పోతుంది. అయితే కొత్తది చేతికొచ్చేదాకా పాతదాని గడువు ఉందో లేదో తేదీలు పక్కపక్కన రాసుకుని చూడు. గడువు దగ్గరపడితే కొత్తదాని కోసం ఆగకుండా రిటర్న్ రిక్వెస్ట్ పెట్టేయాలి. ఇంకా డెలివరీ కాని వస్తువైతే ఇదంతా అక్కర్లేదు, క్యాన్సిల్ నొక్కితే సరిపోతుంది.

రెండూ ఒకేసారి ఇంట్లో ఉన్నప్పుడు జాగ్రత్త. పాత ఆర్డరులో వచ్చినదే పాత ఆర్డరు కింద వెళ్లాలి. ఇయర్‌ఫోన్లు, వాచీల్లాంటి వాటికి సీరియల్ నంబరు ఉంటుంది, అది మారితే పికప్ దగ్గరే ఆపేస్తారు, లేదా గోడౌన్‌కు వెళ్లాక డబ్బు ఆపేస్తారు. కొత్తది వచ్చిన రోజే పాతదాని అట్టపెట్టెకు 'పాతది' అని రాసిన కాగితం అతికించు, పెట్టె మీద మాత్రం మార్కర్‌తో రాయకు. పెట్టె మీద గీతలున్నా పేచీ పెడతారు.

నీ సూట్‌కేసు సంగతికొస్తే, దాని నంబర్ లాక్‌కు నువ్వు కొత్త కోడ్ పెట్టుకున్నానన్నావు. అది మళ్లీ 000కి మార్చు. తాళం పడిన పెట్టెను పికప్ అబ్బాయి తీసుకోడు, తీసుకున్నా అక్కడ తెరవలేరు. లోపలి జిప్పు అరలో వారంటీ కార్డు, తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటాయి, అవి అక్కడే ఉండనివ్వు. చక్రాలకు దుమ్ము పట్టి ఉంటే పొడిగుడ్డతో తుడువు. హ్యాండిల్‌కు కట్టిన ట్యాగ్ తెంపేసి ఉంటే మాత్రం ఈ ఆలోచన మానుకో. ఒక్క ప్రయాణానికైనా వాడి ఉంటే అసలే వద్దు. వాడిన వస్తువును కొత్తదని పంపడం నాకు ఇష్టం లేదు, అది ఇంకొకరి ఇంటికి చేరుతుంది.

ఇంకోటి, రిటర్న్‌కు కారణం అడిగినప్పుడు 'పాడైపోయింది' అని నొక్కకు. చాలామంది అదే చేస్తారు, పని త్వరగా అవుతుందని. జాబితాలో 'తక్కువ ధరకు దొరికింది' అనో, 'ఇక అవసరం లేదు' అనో ఉంటుంది, అది ఎంచుకో. అబద్ధపు ఫిర్యాదు ఆ సరుకు అమ్మినవాడి ఖాతాలో పడుతుంది. ఆ యాప్‌లలో అమ్మేవాళ్లందరూ పెద్ద కంపెనీలు కారు. మన పాటూరు చీరలు ఆన్‌లైన్లో పెట్టి అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. చీర పోయి వచ్చిన ఖర్చు ఒక్కోసారి వాళ్ల నెత్తినే పడుతుంది. అలాంటి చిన్నవాళ్ల దగ్గర కొన్నది నూటికో, నూటయాభైకో వెనక్కి పంపకు. ఊరికే వెనక్కి పంపుతూ పోతే కొన్ని యాప్‌లు ఖాతా మీద ఆంక్షలు పెడతాయని కూడా తెలుసుకో.

పికప్ రోజు వస్తువును నాలుగు వైపులా ఫొటో తీసి, పెట్టెలో పెడుతూ చిన్న వీడియో తీయి. పికప్ అయినట్టు మెసేజ్ వచ్చాకే అబ్బాయిని పంపు, పాపం వాళ్లు పరుగులో ఉంటారు గానీ ఆ ఒక్క నిమిషం ఆగమని అడగొచ్చు. మీ పిన్‌కోడ్‌కు పికప్ లేదని చూపిస్తే మనమే స్పీడ్ పోస్టులో పంపాలి. ఆ రసీదు డబ్బు వచ్చేదాకా పారేయకు.

డబ్బు ఆలస్యమైతే కంగారుపడి గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి. 'రీఫండ్ పంపుతున్నాం, పిన్ కొట్టండి' అంటారు. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ అడిగాడంటే మన డబ్బు లాగుతున్నాడనే. యాప్ లోపలి హెల్ప్‌లోంచే మాట్లాడు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి.

వస్తువు తీసుకెళ్లి డబ్బు ఇవ్వకపోతే అది వేరే సంగతి, అక్కడ మనకు పూర్తి హక్కుంది. ముందు ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆఖరికి జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, నువ్వు ఉండే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు, పికప్ మెసేజ్, నువ్వు తీసిన వీడియో ఉంటే చాలావరకు 1915 దగ్గరే తేలిపోతుంది.

మీ పెద్దమ్మ అడిగినట్టు చెప్పమంది. నాన్నను నేను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న