ఫైర్‌ప్లేస్ మీద క్రిస్మస్ దండ: 1,200లోనే చూసుకోండి, ఈఎంఐ వద్దు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారు పేపర్ మిల్లులో కాంట్రాక్టు పని చేస్తారు. నెలకు 32 వేలు చేతికొస్తాయి. ఇద్దరు పిల్లలు. ఈ ఏడాది వడ్రంగి చేత హాల్లో ప్లైవుడ్‌తో ఉత్తుత్తి ఫైర్‌ప్లేస్ చేయించుకున్నాం. పైన అయిదడుగుల అరుగు ఉంది. క్రిస్మస్‌కి దాని మీద పచ్చటి దండ వేయాలని నా ఆశ. లైట్లు, బంతులు అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో 4,800 చెబుతున్నారు, మూడు నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉంది. పండక్కి దాచినవి 9 వేలు. అందులో బట్టలకు 4,500, కేకుకూ వంటలకూ 2,500, చర్చి కానుకకూ క్యారల్స్ వాళ్లకూ 800 పోతాయి. మా అత్తయ్యగారేమో రంగుకాగితాల తోరణాలు చాలవా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పండగనాడు ఇల్లు కళకళలాడాలనుకోవడం దుబారా కాదు. దండ వేసుకోండి. ఈఎంఐ మాత్రం వద్దు.

నో కాస్ట్ అన్నది వడ్డీ మాటే, ప్రాసెసింగ్ ఫీజు వేరుగా ఉంటుంది. అది 199 అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 235. 4,800కి 235 ఎంతలే అనిపిస్తుంది. కానీ 4,800 బాకీ ఉండేది మొదటి నెల ఒక్కటే. రెండో నెలకు అది 3,200, మూడో నెలకు 1,600. ఆ లెక్కన చూస్తే ఏడాదికి దాదాపు 29 శాతం వడ్డీ కట్టినట్టు. బ్యాంకులో బంగారం కుదువ పెట్టినా అంత పడదు. పైగా కాంట్రాక్టు పనిలో ఒక నెల షిఫ్టులు తగ్గాయనుకోండి, అప్పుడు వాయిదా తప్పితే టెన్షన్ మొదలవుతుంది. ఈఎంఐ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే, తప్పిన బాకీ మీద నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు అంతకన్నా ఎక్కువే వడ్డీ వేస్తారు, లేటు ఫీజు అదనం.

మీ పట్టీ ప్రకారం మిగిలేది 1,200. దండకు అదే హద్దు. ముందు హద్దు గీసుకుని తర్వాత వస్తువు చూడాలి, ఎందుకంటే ఈ సరుకులో ఖర్చు దండతో ఆగదు. దండ వచ్చాక లైట్లు, లైట్లు వచ్చాక బంతులు, రిబ్బన్లు, ఆ తర్వాత కర్టెన్లు పాతగా కనిపించడం మొదలవుతుంది.

కొనేముందు ఒక పురికొస తీసుకుని అరుగు మీద దండలాగే వేసి చూడండి. అయిదడుగుల అరుగు, రెండు పక్కలా రెండేసి అడుగులు వేలాడాలంటే తొమ్మిదడుగులు కావాలి. అంటే 2.7 మీటర్లు. ఆన్‌లైన్ ఫొటోలో నిండుగా కనిపించే దండ కింద చిన్న అక్షరాల్లో 2 మీటర్లు అని ఉండొచ్చు, చూసుకోండి. చవక దండలు పల్చగా ఉంటాయి. అలాంటివి రెండు కొని ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెడితే ఖరీదైనదానిలాగే ఒత్తుగా కనిపిస్తుంది. రెండు సాదా దండలకు 600, ఎల్‌ఈడీ లైట్లకు 300, రిబ్బన్లకూ బంతులకూ 300 పెట్టుకోండి. ఈ అంకెలు దాటే వస్తువుంటే వదిలేయండి. విశాఖ పూర్ణా మార్కెట్‌లో చవక అని ఎవరైనా చెప్పినా దండ కోసమే రైలెక్కకండి, ఛార్జీలూ తిండీ కలిస్తే మిగిలింది కాస్తా పోతుంది. ఎలాగూ వచ్చే బంధువులుంటే వాళ్లతో తెప్పించుకోండి.

అసలు పచ్చదనం మీ ఊరి చుట్టూనే ఉంది. మిల్లుల కోసం రైతులు జామాయిల్, సరుగుడు పెంచుతున్నది మీ జిల్లాలోనే. ఆన్‌లైన్‌లో యూకలిప్టస్ దండ పేరుతో ప్లాస్టిక్ ఆకులు అమ్ముతున్నారు, అసలు జామాయిల్ మీకు అడిగితే దొరుకుతుంది. తోట యజమానిని అడిగి నాలుగు రెమ్మలు తెచ్చుకుని ప్లాస్టిక్ దండలో అక్కడక్కడా గుచ్చండి. ఆకు ఎండినా ఒక పట్టాన రాలదు, వాసన కూడా బాగుంటుంది. సరుగుడు కాయలు చూడండి, వేలెడంత కూడా ఉండవు కానీ అచ్చం పైన్ కాయల్లాగే ఉంటాయి. పిల్లల చేత ఏరించి సన్న తీగతో కట్టించండి. బంతుల ఖర్చు సగం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది, ప్లాస్టిక్ దండా ఇట్టే అంటుకుంటుంది. ఆ అరుగు మీద కొవ్వొత్తులు పెట్టకండి. మీది ఉత్తుత్తి ఫైర్‌ప్లేస్ కావడం ఆ విధంగా మేలే. నిజంగా మంట వేసే చోట ఇలాంటి దండ వేలాడదీయకూడదు.

కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు. పది వాట్ల ఎల్‌ఈడీ మాల రోజుకు ఆరు గంటల చొప్పున నెలంతా వెలిగినా రెండు యూనిట్లు కాలదు. బ్యాటరీతో నడిచేవి కొంటే సెల్స్ ఖర్చే ఎక్కువ. పండగయ్యాక సెల్స్ తీసి దాచండి, లేదంటే కారి మాల పాడవుతుంది. దండను కవర్లో కుక్కకుండా అట్టపెట్టెలో చుట్టగా పెడితే మూడు నాలుగు క్రిస్మస్‌లకు వస్తుంది. అంటే ఏడాదికి మూడు నాలుగు వందలే.

అత్తయ్యగారి మాట తీసేయకండి. రంగుకాగితం తోరణాలు గుమ్మానికీ, కిటికీలకూ వేయించండి. అక్కడ కూడా దండలు కొనాల్సిన పని తప్పుతుంది. ఆ తోరణాలు కట్టడం పిల్లలకు నేర్పే బాధ్యత ఆవిడకే ఇవ్వండి, సంతోషిస్తారు.

4,800 సెట్టు మీంచి మనసు మళ్లకపోతే వచ్చే ఏడాదికి తీసుకుందురు గాని. ఫిబ్రవరిలో, తొమ్మిది నెలల ఆర్‌డీ (నెలనెలా కొంత కట్టే రికరింగ్ డిపాజిట్) ఇచ్చే బ్యాంకులో ఒకటి తెరవండి, నెలకు 1,500. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, ఈ పనికి కుదరదు. నవంబరుకు 13,500 అసలు, ఆరు శాతం వడ్డీ అనుకున్నా 330 పైచిలుకు కలిసి చేతికొస్తాయి. బట్టలు, వంటలు, చర్చి కానుకలు పోగా సెట్టుకు సరిపడా ఉంటుంది. నెలకు 1,500 బరువనిపిస్తే వెయ్యితో మొదలుపెట్టండి. అప్పుడు 9 వేల పండగ ఖర్చు దానంతటదే సమకూరుతుంది, దండ ఎలాగూ పెట్టెలో ఉంటుంది.