2004లో వాజపేయి మళ్లీ గెలిచి ఉంటే?

"అంత పేరున్న వాజపేయి 2004లో గెలిచి ఉంటే దేశం ఎలా ఉండేది" అని అడిగారు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నదుల అనుసంధానం, అణు ఒప్పందం అంటూ అందరూ ఢిల్లీలోనే తిరుగుతుంటారు. మాది అనంతపురం జిల్లా. ఆయన గెలవాలంటే ముందు మా జేజి (నాయనమ్మ) ఓటు మారాలి. అది మారేది కాదు.

ఆ ఏప్రిల్‌లో జేజికి కళ్లు చూపించాలని నార్పల పక్కనున్న మా పల్లె నుంచి టౌన్లో చిన్నాయన ఇంటికి తీసుకొచ్చాం. మిట్టమధ్యాహ్నం ల్యాండ్‌లైన్ మోగింది. చిన్నాయన ఫోన్ ఎత్తి గబుక్కున లేచి నిలబడ్డాడు, లుంగీ కూడా సర్దుకున్నాడు. రిసీవర్‌కి చెయ్యి అడ్డం పెట్టి "వాజపేయి!" అన్నాడు. ఆయన గొంతు రికార్డు చేసి దేశమంతా ఫోన్లకు వినిపిస్తున్నారని పేపర్లో చదివిన మనిషే. అయినా నిలబడ్డాడు.

జేజి రిసీవర్ లాక్కుంది. "అయ్యా, మాది నార్పల పక్కన. మూడు బోర్లేసినాం, రెండు ఎండిపోయినాయి. ఉన్న ఒక్క మోటరుకు బిల్లు కట్టలేదని స్టార్టరు ఊడబెరుక్కోని పోయినారు. శెనక్కాయ ఇత్తనం గూడా తిరిగి రాలేదు నాయనా."

ఆ గొంతు మాత్రం తన పాటికి తాను హిందీలో చెప్పుకుంటూ పోతోంది. వాజపేయి మాట్లాడేటప్పుడు మధ్యమధ్యలో ఆగుతాడు కదా. ఆగినప్పుడల్లా తన మాట వింటున్నాడనుకుని జేజి ఇంకో కష్టం అందించేది. చివరికి లైన్ కట్టయింది. "పెద్దాయన ఓపిగ్గా ఇన్నాడు. ఏం పనుండో, పెట్టేసినాడు" అంది.

(ఇప్పుడు ఎన్నికలొస్తే అన్ని పార్టీల నాయకులూ రోజుకు పదిసార్లు ఇలాగే ఫోన్ చేసి చంపుతున్నారు. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు నుంచి వస్తుంది. అప్పట్లో ఒక్కటే, అదీ వాజపేయి గొంతు కాబట్టి ముచ్చటగా ఉండేది.)

పోలింగ్ రోజు రెండు మిషన్లు, ఒకటి అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి. ఆ పెద్దాయనకు వేద్దామన్నా మా దగ్గర కమలం గుర్తే లేదు, పొత్తులో సీటు సైకిల్‌కి పోయింది. స్టార్టరు పీకిందేమో సైకిల్ ప్రభుత్వం. ఉచిత కరెంటు ఇస్తామన్నది చెయ్యి గుర్తు. జేజి రెండు మిషన్ల మీదా చెయ్యే నొక్కింది. మే 11న అసెంబ్లీ ఫలితాల్లో తెలుగుదేశానికి 294లో 47 వచ్చాయి. మే 13న ఢిల్లీ కూడా పోయిందని చెప్తే జేజి నిజంగానే బాధపడింది. "అయ్యో, అంత మంచోన్ని ఎవురు ఓడగొట్టినార్రా?"

ఇంకెవరు, మనమే. 1999లో మన ఉమ్మడి రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో తెలుగుదేశం 29, బీజేపీ 7 గెలిచి ఆయనకు 36 అందించాయి. 2004లో తెలుగుదేశం 5, బీజేపీ సున్నా. ఒక్క మన రాష్ట్రంలోనే 31 సీట్లు గల్లంతు. దేశం మొత్తం మీద కాంగ్రెస్ 145, బీజేపీ 138, తేడా ఏడు. తమిళనాడులో డీఎంకే విడిపోయి అక్కడ 39కి 39 పోవడం ఇంకో దెబ్బ. "భారత్ వెలిగిపోతోంది" అన్న ప్రకటనే ముంచిందని టీవీల్లో ఇప్పటికీ చెప్తుంటారు. ఆ ప్రకటన మా ఊళ్లో చూసిందెవరు? కరెంటుంటే కదా!

ముందస్తుకు పోకుండా అక్టోబరు దాకా ఆగుంటే గెలిచేవాడనే వాదన ఒకటుంది. అదీ నిలబడదు. 2004లో కూడా ఋతుపవనాలు దేశాన్ని మోసం చేశాయి. అక్టోబరులోనూ జేజి వేలు చెయ్యి మీదికే పోయేది.

సరే, ఎలాగో గెలిచాడే అనుకుందాం. రోడ్లు ఎలాగూ వచ్చేవి. ఆయన మొదలుపెట్టినవి ఆయన దిగిపోయినా ఆగలేదు, హైదరాబాద్–బెంగళూరు రోడ్డు మా అనంతపురం పక్కనే నాలుగు లైన్లయింది. రాష్ట్రంలో రాజశేఖరరెడ్డి ఎలాగూ గెలిచేవాడు కాబట్టి ఉచిత కరెంటు సంతకం, బకాయిల మాఫీ కూడా ఆగేవి కావు. ఉపాధి హామీ మాత్రం చట్టంగా వచ్చేది కాదు, రాసిస్తా. పనికి ఆహారం లాంటిదే ఇంకో పథకం వచ్చేది, బియ్యం మధ్యలోనే మాయమయ్యేవి. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్, సోనియా మా నార్పల మండలం బండ్లపల్లికి వచ్చి ఉపాధి హామీని ప్రారంభించారు. ఆ జనంలో మా అమ్మ కూడా ఉంది. దుమ్ము తప్ప ఏమీ కనపడలేదంది, జాబ్ కార్డు మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.

జేజి బండ్లపల్లికి రాలేదు. చిన్నాయన ఇంటికి ఎప్పుడొచ్చినా మాత్రం, ల్యాండ్‌లైన్ తీసేయించేదాకా, ఆ ఫోన్ పక్కనే చాప వేసుకుని కూర్చునేది.