యూదు సంస్థలో పిల్లలకు మెంటర్‌గా చేరాలంటే ఏం తెలిసి ఉండాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హెచ్‌-1బి మీద అమెరికాలో ఉంటున్నారు, మీ ఊళ్ళోని యూదు సంస్థ పిల్లలకు తోడుగా ఉండే వాలంటీర్ల కోసం చూస్తోంది, మీరు హిందువులు. చేరవచ్చా, చేరితే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అని.

చేరవచ్చా అన్నది సంస్థను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల యూదు పిల్లలకు యూదు పెద్దలనే జత చేస్తారు, కొన్నిచోట్ల ఆ పట్టింపు లేదు. మొదటి ఫోన్‌లోనే అడిగేయండి, వాళ్ళేమీ అనుకోరు. 1904లో న్యూయార్క్ బాలల కోర్టు గుమాస్తా ఎర్నెస్ట్ కౌల్టర్ చొరవతో, ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్దమనిషి తోడుండే పద్ధతి అక్కడ ఊపందుకుంది. దాన్నే యూదు సంఘాలు లాస్ ఏంజెలెస్‌లో 1915లో, బోస్టన్‌లో 1919లో తమ పిల్లల కోసం మొదలుపెట్టాయి. వందేళ్ళు దాటినా పని అదే: ఒక పెద్ద, ఒక చిన్న, నెలకు రెండుసార్లు మూడు నాలుగు గంటలు.

వీసా విషయం. జీతం, స్టైపెండ్ లేని సేవకు సాధారణంగా అడ్డు ఉండదు. పైసా ఇస్తామన్నా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి.

అసలు ప్రశ్న మీరు అడగనిది: కనీసం ఏడాది అదే ఊళ్ళో ఉంటారా? గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో తేల్చింది ఏమిటంటే, ఏడాది పైన సాగిన జతల్లో పిల్లలకు బాగా మేలు జరిగింది. మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఇంకా తగ్గింది. ఈ పిల్లల్లో చాలామంది తండ్రో తల్లో దూరమైనవాళ్ళు. ఇంకో పెద్దమనిషి వచ్చి వెళ్ళిపోవడం వాళ్ళకు మామూలు దెబ్బ కాదు. ప్రాజెక్టు మారే సూచన ఉన్నా, వీసా స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్ళి ఇరుక్కునే ప్రమాదం ఉన్నా, అది తేలాకే దరఖాస్తు పెట్టండి. ఈలోగా ఒక్కరోజు కార్యక్రమాలకు వెళ్ళవచ్చు, ఆహార పొట్లాలు కట్టడం లాంటివి. వాటితో ఎవరి మనసూ నొచ్చుకోదు.

దరఖాస్తు తర్వాత ఇంటర్వ్యూ, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళ రిఫరెన్సులు, నేరచరిత్ర తనిఖీ, డ్రైవింగ్ రికార్డు, కారు ఇన్సూరెన్స్ కాగితం, చిన్న శిక్షణ. మొత్తం కొన్ని వారాలు పట్టవచ్చు. ఆలస్యం అవుతోందని విసుక్కోకండి, ఆ వడపోతే పిల్లలకు రక్షణ. జత కుదిరాక ఒక కేస్ వర్కర్, అంటే సంస్థ తరఫున మీ జతను చూసుకునే ఉద్యోగి, మీకూ ఆ తల్లిదండ్రులకూ క్రమం తప్పకుండా ఫోన్ చేస్తారు. చిన్న అనుమానమైనా ఆ కేస్ వర్కర్‌కే చెప్పండి, దాచకండి.

మొదటి మూడు నెలలు పిల్లవాడు మాట్లాడకపోవచ్చు, అడిగినదానికల్లా "ఏదైనా సరే" అనవచ్చు. ఇక్కడే మనవాళ్ళు తొందరపడి ట్యూషన్ మాస్టారు అవుతారు. మార్కులెన్ని, లెక్కల్లో వెనకబడ్డావా, పెద్దయ్యాక ఏం చదువుతావు — ఇవి మనకు ప్రేమతో అడిగే మాటలే, వాడికి మాత్రం పరీక్ష. నాన్న ఎక్కడుంటాడు అని అసలే అడగకండి. చెప్పాలనిపించినప్పుడు వాడే చెబుతాడు. చేతికి పని ఉండే చోటికి తీసుకెళ్ళండి: బౌలింగ్, లైబ్రరీ, సైకిలు, చదరంగం, పిండి కలిపి ఏదైనా చేయడం. పక్కపక్కన ఉండి పని చేసేటప్పుడు వచ్చే మాటలు ఎదురెదురుగా కూర్చుంటే రావు. "ఇదా, అదా" అని రెండే చెప్పి ఎంచుకోమనండి. ఒక్కో సారికి ఖర్చు పది డాలర్లు దాటనివ్వకండి. దాటితే మిమ్మల్ని కొనిపెట్టే మనిషిగా చూడడం మొదలవుతుంది, ఆ తల్లికీ ఇబ్బంది.

ఇక యూదు ఇంటి పద్ధతులు. కొన్ని కుటుంబాలు ఏమీ పాటించవు, కొన్ని ప్రతి అక్షరం పాటిస్తాయి. ఏది ఎంతవరకు అన్నది తల్లిదండ్రుల్నే అడగండి. సబ్బాతు, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి దినం, శుక్రవారం సూర్యాస్తమయానికి సాధారణంగా 18 నిమిషాల ముందు దీపాలు వెలిగించడంతో మొదలై, శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఉంటుంది. పాటించే ఇళ్ళలో ఆ సమయంలో కారు, ఫోన్, డబ్బు ముట్టరు. డిసెంబర్‌లో న్యూయార్క్ వైపు నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం కూడా కుదరదు. ఆదివారం పెట్టుకోండి.

తిండి దగ్గర మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది: శాకాహారమైతే కోషర్ (యూదు ఆహార నియమాలకు సరిపోయేది) అనుకోవడం. కాదు. వండిన గిన్నె, చీజ్‌లో వాడిన రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం), ద్రాక్షరసం తయారుచేసినవాళ్ళు, ఆకుకూరల్లో పురుగు, అన్నీ లెక్కలోకి వస్తాయి. మీ ఇంటి పులిహోర ఎంత శుభ్రంగా చేసినా నిష్ఠ ఉన్న ఇంటి పిల్లవాడు తినడు. కోయని పండు ఎప్పుడూ క్షేమం. ప్యాకెట్ అయితే వలయంలో యు అక్షరం లాంటి గుర్తు చూడండి. పక్కన డి ఉంటే పాలకు సంబంధించింది. పి ఉంటే పస్కా అనే యూదు పండుగకు పనికొస్తుందని అర్థం. పి అంటే పాలు, మాంసం రెండూ లేనిదని చాలామంది పొరబడతారు. మాంసం తిన్నాక పాల పదార్థానికి కొన్ని ఇళ్ళలో ఆరు గంటల దాకా ఆగుతారు, చిన్నపిల్లలకు సడలింపు ఉండవచ్చు. అంటే మధ్యాహ్నం ఇంట్లో చికెన్ తిన్న పిల్లవాడికి మూడింటికి ఐస్‌క్రీమ్ కొనిస్తానంటే వాడు ఇరకాటంలో పడతాడు. పస్కా ఎనిమిది రోజులూ బయటి తిండి వద్దు. బ్రెడ్, బిస్కెట్ ఎలాగూ తినరు, చాలా ఇళ్ళలో అన్నం కూడా తినరు.

ప్రసాదం పెట్టకండి. దేవుడికి నివేదించినది తినడం వాళ్ళ ధర్మంలో నిషిద్ధం. గుడికి తీసుకెళ్ళడం, దీపావళికి ఇంటికి పిలవడం కూడా ముందు తల్లిదండ్రుల్నీ కేస్ వర్కర్‌నూ అడిగాకే.

అన్నిటికంటే ముఖ్యం, స్వస్తిక. కొత్త కారు పూజలో వేసిన పసుపు కుంకుమ గుర్తు, డ్యాష్‌బోర్డు స్టిక్కరు, తాళాల గుత్తి, గుమ్మం మీది రంగు, అన్నీ ఒకసారి చూసుకోండి. మనకది మంగళకరం. ఆ పిల్లవాడి ముత్తాతలు నాజీల చేతుల్లో పోయి ఉండవచ్చు. కారులోది తీసేయండి. గుమ్మం మీద ఉంటే కేస్ వర్కర్‌కు ముందే చెప్పండి. వాళ్ళే తల్లిదండ్రులకు వివరిస్తారు. పిల్లవాడు కారెక్కాక వివరించబోతే ఆలస్యమైపోయినట్టే.

నిష్ఠగా పాటించే యూదు కుటుంబాల్లో మగపిల్లలకు మగవాళ్ళను, ఆడపిల్లలకు ఆడవాళ్ళనే జత చేస్తారు. మీరు మగవారైతే తల్లికి షేక్‌హ్యాండ్ ఇవ్వబోకండి, ఆవిడే చెయ్యి చాపితే వేరే సంగతి. పన్నెండు పదమూడేళ్ళకు బార్ మిట్జ్వా (అబ్బాయికి), బాత్ మిట్జ్వా (అమ్మాయికి) అనే, పెద్దవాళ్ళయ్యే వేడుకకు సన్నాహం వస్తుంది, హీబ్రూ పాఠంతో సాయంత్రాలు నిండిపోతాయి. ఆ కాలంలో కలయికలు తగ్గించుకోండి కానీ మానకండి. వేడుకకు పిలిస్తే వెళ్ళి వెనక వరుసలో కూర్చోండి.

మీ దేశంలో యూదులున్నారా అని వాడు తప్పకుండా అడుగుతాడు. కొచ్చిలో 1568 నాటి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉందని, ముంబై వైపు బెనె ఇజ్రాయెల్ అనే యూదులున్నారని, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిము కుటుంబాలున్నాయని చెప్పండి. మ్యాప్ తీసి చూపిస్తే ఒక సాయంత్రం గడిచిపోతుంది.

ఇండియా వెళ్ళేటప్పుడు నెల ముందే చెప్పి, వచ్చే తేదీని వాడి క్యాలెండర్‌లో వాడి చేతే రాయించండి. మధ్యలో తల్లి అనుమతితో రెండు వీడియో కాల్స్ చేయండి. ఊరు మారడం ఖాయమైతే మెసేజ్‌తో సరిపెట్టకండి. కేస్ వర్కర్‌కు చెప్పి, కనీసం మూడు కలయికలు మిగిలి ఉండగా వాడికి ఎదురుగా చెప్పండి. తప్పు వాడిది కాదని నోరు తెరిచి అనండి, ఎందుకంటే అడక్కపోయినా పిల్లలు ముందు అలాగే అనుకుంటారు. తర్వాత ఫోన్ చేస్తానని మాట ఇస్తే, చేయగలిగినన్నిసార్లే ఇవ్వండి.